డ్రైవర్ పట్టేది ఆఖరునే

నేను గోల్ఫ్ ఆడతాను. మామూలు నడుము నొప్పే అనుకున్నది కుడి పిర్రలోంచి తొడ వెనగ్గా పిక్కలోకి, అక్కణ్ణుంచి పాదం బయటి అంచున చిటికెన వేలిదాకా దిగింది. తుమ్మినా దగ్గినా కాల్లో కరెంటు కొట్టినట్టుండేది. కుడికాలి మునివేళ్ల మీద లేవలేకపోయాను. ఈ గుర్తులు కలిసొస్తే వెన్ను అడుగునుంచి కాల్లోకి దిగే ఎస్1 నరం నొక్కుకుందని అనుమానించాలి. ఎమ్మారైలో తేలింది కూడా అదే: నడుము అడుగున ఎల్5, ఎస్1 అనే రెండు ఎముకల మధ్యనుండే ఎల్5-ఎస్1 డిస్కు కుడివైపుకి జారింది. బొటనవేలు పైకి లేవకపోతే మాత్రం ఎక్కువగా పై నరం, ఎల్5.

గోల్ఫులో కుడిచేతి వాటం ఆటగాడు క్లబ్బు (బంతి కొట్టే కర్ర) వెనక్కెత్తినప్పుడు భుజాలు 90 డిగ్రీల దాకా తిరుగుతాయి, తుంటి అందులో సగమే. ఆ మెలి విడుస్తూ ఒళ్లు కుడికి ఒరిగి వెనక్కి వంగుతుంది. ఆ క్షణంలో నడుము డిస్కు మీద శరీర బరువుకి దాదాపు 8 రెట్లు నొక్కుడు పడుతుందని కొలిచారు. ఆటే వృత్తి అయినవాళ్లు ఇలాంటి దెబ్బలు రోజుకి వందల్లో కొడతారు. నా విషయంలో ప్రయాణం కూడా తోడైంది. నెల్లూరు నుంచి చెన్నైకి 170 కిలోమీటర్లకు పైనే. మూడు గంటలు కారు సీట్లో ముడుచుకుని కూర్చుని, దిగీదిగగానే డ్రైవర్ పట్టేవాణ్ణి, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్బు. డిస్కుకి అంతకంటే చెరుపు లేదు.

"పుత్తూరు పోయి కట్టు కట్టించుకోరాదా అబ్బయా" అన్నాడు పెదనాన్న. ఆ కట్టు విరిగిన ఎముకకి. ఇక్కడ జారింది ఎముకల మధ్యనుండే మెత్త. నడుము తొక్కించుకోవడం, విరిపించుకోవడం అసలొద్దు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం వాలిపోయినా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు. అవేవీ లేకపోతే చాలామందికి 6 నుంచి 12 వారాల్లో కోత లేకుండానే తగ్గుతుంది.

రెండు రోజులకి మించి మంచం మీద ఉండలేదు. నెల్లూరు వీఆర్‌సీ గ్రౌండులో పూటకి 10 నిమిషాలు, రోజుకి మూడుసార్లు నడక. మైపాడు బీచి ఇసకలో నడవలేదు. మడమ దిగబడి పిక్క లాగుతుంది. నాలుగో వారానికి నొప్పి పాదం వదిలి పిర్ర దగ్గరికొచ్చింది. నడుములో కాస్త పెరిగినట్టున్నా అది మంచి గుర్తు.

కసరత్తులు మూడే. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి తలా భుజాలూ కొద్దిగా ఎత్తడం. పక్కకి తిరిగి మోచేతి మీదా మోకాళ్ల మీదా ఒంటిని నిలపడం. చేతులూ మోకాళ్లూ ఆనించి ఎదురు చెయ్యీ కాలూ చాపడం. ఒక్కోటి 10 సెకన్లు. మొదటి విడత 6 సార్లు, తర్వాతి విడత 4, ఆఖరి విడత 2. నిద్ర లేచిన మొదటి గంటలో చెయ్యకూడదు: రాత్రంతా నీళ్లు పీల్చి ఉబ్బిన డిస్కుకి అప్పుడు వంగడం ఎక్కువ ఒత్తిడి.

తిరిగి ఆటలోకి రావడమే అసలు గండం. పేరుమోసిన గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ 2014 మార్చి 31న డిస్కు ఆపరేషన్ చేయించుకుని జూన్ ఆఖరుకే టోర్నమెంటులో దిగాడు. ఆగస్టులో నడుము పట్టేసి ఆట మధ్యలో వెళ్లిపోయాడు. 2015లో ఇంకో రెండు ఆపరేషన్లు. 2017 ఏప్రిల్‌లో ఇదే ఎల్5-ఎస్1 దగ్గర రెండు ఎముకల్నీ ఒకటిగా అతికించారు. ఈసారి ఏడు నెలలు ఆగాడు. 1,199వ ర్యాంకు దాకా పడిపోయినవాడు 2019లో 43 ఏళ్లకి మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంటు గెలిచాడు. నేను కోత దాకా పోలేదు గానీ ఆ ఏడు నెలల ఓర్పునే పట్టుకున్నాను.

పన్నెండో వారంలో పుటింగ్, అంటే పుటర్ అనే క్లబ్బుతో బంతిని దొర్లించి గుంటలో (కప్పులో) వెయ్యడం. తేలికనిపిస్తుంది గానీ వంగి నిలబడేది ఇందులోనే ఎక్కువ, కాబట్టి 10 నిమిషాలే. కప్పులోంచి బంతి తీసేటప్పుడు పుటర్ మీద ఆనుకుని, ఒక కాలు వెనక్కి చాపి, నడుము నిటారుగానే ఉంచి వంగాలి. తర్వాత చిప్పులు (దగ్గర్నుంచి చిన్నగా లేపి కొట్టే దెబ్బలు), సగం ఊపుతో వెడ్జి (తక్కువ దూరానికి బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు), రోజు విడిచి రోజు 20 బంతులు. ఆపైన మధ్యస్థ దూరం కొట్టే క్లబ్బు, 7 ఐరన్. డ్రైవర్ 28వ వారంలో. ఎడమ పాదం వేళ్లు కాస్త బయటికి తిప్పి, క్లబ్బు వెనక్కెత్తేటప్పుడు ఎడమ మడమ లేవనిస్తే తుంటి కూడా తిరిగి నడుము మీద మెలి తగ్గుతుంది. దూరం కొంత తగ్గింది, తగ్గనీ. మర్నాడు పొద్దున పిక్కలో నొప్పి కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి దిగడమే.

ఇప్పుడు ఎడమకాలి మునివేళ్ల మీద 25 సార్లు లేస్తాను, కుడికాలి మీద 22. ఆ మూడూ వచ్చేదాకా ఏ టోర్నమెంటుకీ పేరు ఇవ్వను.