మా సంస్థ పాలసీలు మేమే రాసుకున్నాం: నా అనుభవం

నిన్న సాయంత్రం ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మా కేంద్రాలకు రెండేళ్ల సీఎస్‌ఆర్ సాయం (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సొమ్ము) ఖాయమైంది. తొమ్మిది నెలల టెన్షన్ దిగింది. మరచిపోకముందే రాసిపెడుతున్నాను.

మాది తిరుపతిలో చిన్న సొసైటీ. ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలాల్లో యానాది పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే కేంద్రాలు ఆరు నడుపుతున్నాం. ఇన్నాళ్లూ చందాలతోనే నెట్టుకొచ్చాం.

రిజిస్ట్రేషన్లు పెద్ద కష్టం కాలేదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ ముందే ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ ఇచ్చే దర్పణ్ నంబరు, సీఎస్‌ఆర్ సొమ్ము తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో మా ఆడిటర్ చేసిపెట్టారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం ప్రకారం, సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. మేం మూడేళ్లు ఇవ్వలేదు. తప్పు మాదే, సరిచేసుకున్నాం.

అసలు కథ పాలసీల దగ్గర. బాలల రక్షణ, డబ్బు ఖర్చు, కొనుగోళ్లు, సిబ్బంది, లైంగిక వేధింపుల నివారణ: ఈ ఐదింటికీ రాతపూర్వక నియమాలు కావాలని కంపెనీవాళ్లు అడిగారు. పది మంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం ఆ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. మేం పద్నాలుగు మందిమి. మాకు కమిటీయే లేదు. ఎవరో చెబితే ఒక కన్సల్టెంట్‌ను పట్టుకున్నాను. నలభై వేలు తీసుకుని వారంలో 86 పేజీల ఇంగ్లిష్ కాగితాలు పంపాడు. చదవకుండానే సంతకాలు పెట్టాను.

కంపెనీ తరఫున ఇద్దరు ఏర్పేడు దగ్గరి కేంద్రానికి వచ్చారు. అందులో ఒక మేడం మా టీచరమ్మను నెమ్మదిగా అడిగారు: "ఒక పాప వచ్చి, నన్ను ఫలానావాళ్లు తాకకూడని చోట తాకారని చెబితే ఏం చేస్తావమ్మా?"

"సార్‌తో చెప్తా మేడం."

"ఆ సార్ మీదే చెబితే?"

టీచరమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ మేడం ఫైలు తెరిచి నా సంతకం ఉన్న పేజీ చూపించారు. ఫిర్యాదు అందుకోవాల్సిన అధికారి అని ఉన్నచోట మరో రాష్ట్రంలోని ఊరు, మేం ఎన్నడూ వినని హోదా ఉన్నాయి. ఎవరి కాగితాలో పేరు మార్చి మాకు అమ్మాడు. పిల్లలు పలకలు పట్టుకుని చూస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చాక ఆ రాత్రి అన్నం సయించలేదు. పరువు పోయిందని కాదు, ఆ ప్రశ్నకు నిజంగానే మా దగ్గర జవాబు లేదు.

తర్వాత మూడు ఆదివారాలు టీచర్లందరం తిరుపతిలో కూర్చున్నాం. తెలుగులో రాసుకున్నాం. పిల్లల రక్షణది ఆరే పేజీలు. తలుపు మూసిన గదిలో పెద్దవాళ్లు పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఫొటో తీయకూడదు. పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థలోనే పంచాయితీ పెట్టి సర్దేయడానికి వీల్లేదు. సంస్థ పెద్ద తన కింద పనిచేసేవాళ్ల నేరం తెలిసీ దాస్తే ఏడాది దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి గోడ మీదా రాశాం. ఫిర్యాదు నా మీదైతే నన్ను అడగనక్కర్లేదు, నేరుగా పోలీసులకే. ఆ వాక్యం నేనే పట్టుబట్టి రాయించాను. అందుకు నాకు గర్వంగానే ఉంది.

అంతర్గత కమిటీ కూడా వేశాం. బయటి సభ్యురాలిగా ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. డబ్బు పాలసీకి ఒక్క పూట సరిపోయింది: చెక్కు మీద రెండు సంతకాలు, రెండు వేలు దాటితే నగదు వద్దు.

రెండోసారి వచ్చినప్పుడు మేడం అదే ప్రశ్న అడిగారు. టీచరమ్మ కాగితం చూడకుండా చెప్పింది, గోడ మీది నంబరు కూడా చూపించింది.

కన్సల్టెంట్‌ల దగ్గరికి వెళ్లొద్దని అందరికీ చెబుతున్నాను. లెక్కలకు ఆడిటర్ కావాలి, కానీ మీ పిల్లలను ఎలా కాపాడుకోవాలో ఆ పిల్లల దగ్గర పనిచేసేవాళ్లే కూర్చుని రాసుకోవాలి. చిత్తూరు వైపు రెండు సంస్థలు మా ఆరు పేజీలు అడిగాయి. ఇవ్వలేదు. రాసుకునే రోజున పిలిస్తే వచ్చి పక్కన కూర్చుంటానన్నాను. వచ్చే ఆదివారం పలమనేరు వెళ్తున్నాను, టీచరమ్మ కూడా వస్తానంది.