చార్టులో మొదటి వాక్యం

పొద్దున ఏడున్నర పల్లెవెలుగు ఎక్కాను. నరసరావుపేట దాకా నిలబడే ప్రయాణం. చార్టుల చుట్ట నలక్కుండా చూసుకోవడమే పెద్ద పని. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ గురించి కాలేజీల్లో పిల్లలకు చెప్పడం నా ఉద్యోగం. ఈరోజు క్లాసు ఒక జూనియర్ కాలేజీలో. ఇంటర్ రెండేళ్ల వాళ్లూ కలిపి ఎనభై మంది దాకా వచ్చారు. ఆడపిల్లలు కిటికీ వైపు, మగపిల్లలు గుమ్మం వైపు, మధ్యలో ఆటో పట్టేంత ఖాళీ.

ముందు ప్రిన్సిపల్ గారు టీ ఇప్పించి, నెమ్మదిగా విషయానికొచ్చారు. "జబ్బు గురించి చెప్పండి మేడమ్. కాస్త భయం పెట్టినా పర్లేదు. ఆ మాట మాత్రం వద్దు. పోయినేడు ఒకాయన అనేసి వెళ్లాడు, తెల్లారేసరికి ముగ్గురు తండ్రులు నా గదిలో కూర్చున్నారు." ఏ మాటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. కండోమ్. ఆయన చెడ్డమనిషేం కాదు. పదో తరగతి కాగానే పెళ్లి చేసేద్దామనే ఆ తండ్రులతోనే బతిమాలి, బేరమాడి ఆడపిల్లల్ని కాలేజీకి రప్పించుకుంటున్నాడు. సరేనన్నాను. ఈ ఉద్యోగంలో ఇలాంటి సరేలు చాలా అన్నాను.

పరిచయం చేసిన లెక్చరర్ గారు "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని తనే నవ్వుకున్నారు. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఒకప్పుడు మన రాష్ట్రమంతా హోర్డింగుల మీద వేలాడిన ప్రశ్న అది. వీళ్లు అప్పటికి పుట్టనే లేదు. మా వయసు వాళ్లకు పులిరాజా పేరు గుర్తుంది. జవాబు ఎంతమందికి గుర్తుందో!

జబ్బు అంటుకునే దారులు చెప్పడం మొదలుపెట్టాను. రక్తం, సూది, తల్లి నుంచి బిడ్డకు... ఇవన్నీ ఇబ్బంది లేకుండా సాగిపోయాయి. నాలుగోది శారీరక సంబంధం. దాని దగ్గరికొచ్చేసరికి మొదటి చార్టు చూపించాను. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, 'మంచి నడవడిక ఉన్నవారి దరికి ఈ జబ్బు రాదు' అని ఉంటుంది. ఇలాంటి కాలేజీల కోసమే ఎప్పుడో నేనే రాసుకున్న వాక్యం. ఎవరి మనసూ నొచ్చుకోదు, ఏ తండ్రీ పరిగెత్తుకు రాడు.

తర్వాత చీటీలు. పేరు రాయొద్దు, అందరూ చీటీ వెయ్యాల్సిందే, ప్రశ్న లేకపోతే ఖాళీ కాగితమైనా సరే. రాసిందెవరో తెలియకూడదని ఈ పద్ధతి. దోమ కుడితే వస్తుందా అన్నది ఎప్పుడూ ఉండేదే. రాదు. ఈ వైరస్ దోమ ఒంట్లో బతకదు, పైగా దోమ మన రక్తం పీలుస్తుందే గాని పీల్చిన రక్తాన్ని ఇంకొకరికి ఎక్కించదు. కోటప్పకొండ తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకోవచ్చా అని ఇంకొకటి. మంచి ప్రశ్న. అందరికీ ఒకే సూది వాడుతుంటే వద్దు, ఎవరికి వాళ్లకు కొత్త సూది తీస్తేనే కూర్చోమన్నాను.

ఆ తర్వాతి చీటీ విప్పాను.

"మా అమ్మ ఎటూ తిరగలేదు మేడమ్. నడవడిక మంచిదే. మరి ఎందుకొచ్చింది"

తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్లు వెతుకుతాయి, ఎనభై మందీ నా చూపు ఎటు పోతోందో చూస్తారు. పైకి చదవకుండా మడిచి మిగతావాటిలో కలిపేశాను. ఇంకో మూడు చీటీలకు జవాబులు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు.

అప్పుడు చార్టు దగ్గరికెళ్లి, "ఈ వాక్యం తప్పు. రాసింది నేనే" అన్నాను. పెళ్లయి ఇంటిపట్టునే ఉన్న ఆడవాళ్లెంతమందికో భర్త నుంచే వచ్చిందని, కొన్నేళ్ల పాటు ఏ లక్షణమూ కనపడకపోవచ్చు కాబట్టి ఆ భర్తకూ తెలియకపోవచ్చని చెప్పాను. నడవడిక చూసి వచ్చేది కాదు ఇది, వైరస్. రోజూ మాత్ర తప్పకుండా వేసుకుంటూ, పరీక్షకు కూడా అందనంతగా వైరస్‌ను తగ్గించి ఉంచుకుంటే, కలిసి కాపురం చేసినా ఎదుటి మనిషికి అంటదు. 2004 నుంచీ ఆ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వాళ్ల ఇష్టం లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. అన్నం కంచం వేరు పెట్టాల్సిన పనే లేదు. ఇదంతా చెప్పి, కండోమ్ సంగతి చెప్పకుండా ఎలా? చెప్పాను. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు, అంతే. బోర్డు మీద 1097 రాసి, ఇది ఉచిత హెల్ప్‌లైన్ నంబరు అన్నాను.

ప్రిన్సిపల్ గారు గుమ్మం దగ్గరే ఉన్నారట, నేను గమనించలేదు.

"అనేశారుగా మేడమ్."

"అన్నానండీ. ఎవరైనా వస్తే నా నంబరివ్వండి, నేనొచ్చి మాట్లాడతాను."

ఆయన దానికేమీ అనలేదు. రెండుంబావు బస్సు ఈమధ్య సరిగ్గా రావట్లేదని, మెయిన్ రోడ్డు దాకా బండి మీద దింపడానికి అటెండర్‌ని పంపారు.

చీటీలన్నీ బస్సులోనే సన్నగా చింపేశాను. ఒకే క్లాసు పిల్లలు కదా, ఎవరి దస్తూరీ ఎవరిదో ఇట్టే పట్టేస్తారు. ఆ ఒక్కటీ ఉంచుకోవాలనిపించింది గానీ, ఉంచుకోవడానికి అది నాది కాదు.

రాత్రి అన్నాలయ్యాక చార్టు నేల మీద పరిచి, ఆ వాక్యం మీద తెల్లకాగితం అతికించాను. ఏం రాయాలో తోచలేదు. గురువారం ఇంకో కాలేజీ ఉంది, ఆలోపు రాయాలి. ఎర్ర అక్షరాలు కాగితం కిందినుంచి ఇంకా కనపడుతూనే ఉన్నాయి. మైదా జిగురు ఆరాక ఇంకో పొర వెయ్యాలి.