ఆదివారం ఏం చేస్తరు బిడ్డా?

పది నిమిషాల ముచ్చట. పొద్దున్నుంచి మనసులకెళ్ళి పోతలేదు. జర్మనీల చదువుకుంటున్న నేను అక్క పెండ్లికని ఇంటికొచ్చిన. రాత్రి పదైంది, అందరూ పండుకుంటుండ్రు, నేను రాస్తున్న.

పొద్దున బాబాయ్ వచ్చిండు. పెండ్లయి తొమ్మిది రోజులైనా షామియానా వేసినాయన లెక్క ఇంకా తెగలే, దాని గురించి నాన్నతోని మాట్లాడనీకి. నాన్న స్నానానికి పోయిండు, అమ్మ చాయ్ పెడుతుంది. ముంగటి గదిల నేనూ బాబాయ్ ఇద్దరమే. ఊకె కూసునుడెందుకని కావొచ్చు, "అక్కడ ఆదివారం దుకాణాలన్నీ బంద్ ఉంటయంట గదా?" అని అడిగిండు.

అవునన్న. సూపర్ మార్కెట్లు, బట్టల దుకాణాలు, అన్నీ. బేకరీలు కాసేపు తెరుస్తరు, పెట్రోల్ బంకులుంటయి, రైల్వే స్టేషన్ల రెండు మూడు దుకాణాలుంటయి. శనివారం రాత్రి పాలు తెచ్చుకునుడు మర్చిపోతె సోమవారం దాకా పాలు లేని చాయే. ఇంట్ల గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెట్టొద్దు. ఖాళీ గాజు సీసాలు తీస్కపోయి వీధి డబ్బాల వెయ్యొద్దు, చప్పుడైతదని.

ఆయన శ్రద్ధగ విన్నడు. విని, "మరి మోటర్ కాలితె?" అన్నడు.

ఆయన మోటర్ వైండింగ్ దుకాణం తెలిసినోళ్ళకు ఈ ప్రశ్న ఎక్కడికెళ్ళి వచ్చిందో చెప్పక్కరలేదు. బోర్లు అడుగంటి, మోటర్లు నీళ్ళు లేక ఉత్తగ తిరిగి కాలిపోయే కాలం ఇదే. దేవరకొండ రోడ్డు మీద ఆ షట్టర్ ఆదివారం పూట దించి ఉండంగ చూసినట్టు నాకు ఒక్కసారి కూడ గుర్తులేదు. అక్క పెండ్లి బుధవారం పడ్డది కాబట్టి ఆ బుధవారం ఒక్కటి బంద్ పెట్టిండు.

సోమవారం దాకా ఆగాలె బాబాయ్ అన్న. తలకాయ ఊపి, చాయ్ కప్పు అందుకొని అప్పుడు అడిగిండు. "మరి ఆదివారం మీరేం చేస్తరు బిడ్డా?"

"ఏం లేదు బాబాయ్. చదువుకుంటం. బట్టలుతుక్కుంటం."

రెండూ అబద్ధాలే. మా హాస్టల్ల ఆదివారం వాషింగ్ మిషన్ తిప్పనియ్యరు.

మొదలు ఆయన మీదనే కోపమొచ్చింది. అసలు ఎందుకు అడగాలె? పెండ్లిల మూడు రోజులు ఇదే ఐపోయింది నాకు. పట్టుచీర కట్టుకొని, అక్క పక్కన నిలబడి, ఒక్క నిమిషం దాని మొఖం చూద్దామంటె ఎవరో ఒకరు చెయ్యి పట్టి పక్కకు గుంజుడు. జీతమెంత? అక్కడ్నే ఉండిపోతవా? సంబంధాలు చూడమందామా? చదువుకుంట పార్ట్ టైం చేస్తున్న, ఏడాదికి నిండు రోజులైతె 140, సగం రోజులైతె 280 మించి పని చెయ్యనియ్యరు, వారానికి రెండు సాయంత్రాలు పార్సిళ్ళు వేరుచేసే పని దొరికింది అని చెప్తున్న. విన్నట్టే విని, "గంటకు ఎంతిస్తరు?" అంటరు. 2026 జనవరి నుంచి కనీసం 13.90 యూరోలు ఇయ్యాలె అన్న. ఒకాయన అక్కడికక్కడ ఫోన్ తీసిండు. పదమూడు తొంభై ఇంటూ ఎనిమిది ఇంటూ ముప్పై. యూరోకు వంద రూపాయలు అనుకుందాం అన్నడు. మూడు లక్షల ముప్పై మూడు వేల ఆరువందలు. ఆ ఫోన్ తీస్కపోయి బంతి కూసున్నోళ్ళందరికి చూపించిండు. బగారన్నం ముద్ద చేతిల పట్టుకొని అందరూ నా దిక్కు చూసిండ్రు. నెలకు ముప్పై రోజులు, రోజుకు ఎనిమిది గంటలు ఎవరు చెయ్యనిస్తరు? ఆ మాట అడిగినోళ్ళు లేరు. కిరాయి ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అని అడిగినోళ్ళు లేరు. ఇప్పుడు రాస్తుంటె కూడ చెవులు వేడెక్కుతున్నయి.

బాబాయ్ అట్ల లెక్కలు కట్టే మనిషి కాదు. అయినా ఆయనకు అబద్ధం చెప్పిన. ఎందుకంటె లోన్ కాయితాల మీద ష్యూరిటీ సంతకం ఆయనది.

ఆ లోన్ నా చదువుకు తీసింది. వీసాకు ముందుగాల్ల బ్లాక్డ్ అకౌంట్ల 11,904 యూరోలు వెయ్యాలె, అది మనకు నెలకు 992 చొప్పున తిరిగొస్తది. ఆ లెక్కకే పదిన్నర లక్షలు దాటినయి. ఫీజు, టికెట్టు, మిగతావి కలిపి పద్నాలుగు లక్షలు. బ్యాంకాయన ఇంకొక సంతకం కావాలన్ననాడు బాబాయ్ దుకాణంకెళ్ళి సక్కగ వచ్చిండు, చేతులకు వార్నిష్ మరకలున్నయి. బొటనవేలు తుడుచుకొని పెన్ను పట్టుకున్నడు. అన్ని కాయితాల మీద సంతకాలు పెట్టి, "మంచిగ చదువుకో" అని మళ్ళ దుకాణానికి పోయిండు. నెలకు పదకొండు వేల చిల్లర వడ్డీ నాన్న కడుతుండు. అసలు కట్టుడు ఇంకా షురూ కాలే.

ఆ మనిషి ముందట కూసొని, నేను ఆదివారాలు నది ఒడ్డున గడ్డి మీద పండుకుంట బాబాయ్ అని ఎట్ల చెప్పాలె?

నిజం అదే. కనీసం ఒక ఆదివారం నిజం.

పోయిన జూన్. నేను పోయి మూడో నెల. రాత్రి తొమ్మిదిన్నరకు కూడ వెలుతురుండే కాలం. రూమ్మేట్ (గుంటూరు పిల్ల), జడ్చర్ల తమ్ముడు, నేను ముగ్గురం సైకిళ్ళ మీద బయల్దేరినం. నా సైకిల్ పాత సామాన్ల సంతల 70 యూరోలకు కొన్నది. డబ్బాల పులిహోర. "అక్కా, నీళ్ళ మీద నీళ్ళు చూపిస్త రా" అన్నడు తమ్ముడు. నేను నమ్మలే. మేముండే మాగ్డెబర్గ్ పట్నం నడిమికెళ్ళి ఉత్తరం దిక్కు ఎల్బ నది పక్కపొంటి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు తొక్కినం.

నిజంగనే నీళ్ళ మీద నీళ్ళు. కింద నది పారుతుంది, ఆ ఎండకాలం సన్నబడి, ఒడ్డు రాళ్ళు బయటపడి. దాని మీదికెళ్ళి వంతెన. వంతెన మీద రోడ్డు లేదు, రైలు పట్టాలు లేవు, కాలువ ఉంది. నాలుగు మీటర్ల లోతు, 34 మీటర్ల వెడల్పు, 918 మీటర్ల పొడుగున్న ఇనుప తొట్టి అనుకోండ్రి. అటు దిక్కు ఒక కాలువ, ఇటు దిక్కు ఒక కాలువ, నడుమ నది. మునుపు పడవలు నదిలకు దిగి, పన్నెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి, మళ్ళ అవతలి కాలువలకు ఎక్కేటియంట. నదిల నీళ్ళు తక్కువుంటె నిండు సరుకుతోని పోలేకపోయేటియి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుకున్న పని. 1942ల యుద్ధం వల్ల ఆగిపోయింది, రెండు జర్మనీలు కలిసినంక 1997ల మళ్ళ పట్టుకున్నరు, 2003ల తెరిచిండ్రు. మేం పక్క దారి మీద నిలబడి చూస్తుంటె కంకర గుట్టలు పోసుకున్న పొడుగు పడవొకటి మెల్లగ వచ్చి, నది మీదికెళ్ళి, గాలిల పోయినట్టు పోయింది.

నాకు నాన్న యాదికొచ్చిండు. ఇంకెవరు యాదికొస్తరు?

నాన్న మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగిండు. నవ్వితె ఆ పండ్ల మీది గోధుమరంగు గీతలే చెప్తయి, ఏం నీళ్ళు తాగి పెరిగిండో. తాత వేయించిన బోర్లల్ల రెండు ఎండిపోయినయి, నీళ్ళు పడ్డ మూడో దాంట్ల ఫ్లోరైడ్. మా చిన్నప్పుడు సాగర్ గేట్లెత్తిండ్రని టీవీల చెప్తె చాలు, నాన్న మర్నాడు సెలవు పెట్టేటోడు. అక్కనూ నన్నూ బస్సెక్కించుకొని పోయేటోడు. మేం చేపల ఫ్రై కోసం పోయేటోళ్ళం, ఆయన మాత్రం గేట్లు లెక్కపెట్టేటోడు. మొత్తం 26. ఇయ్యాల ఎన్ని ఎత్తిండ్రు, ఎన్ని అడుగులు ఎత్తిండ్రు, ఎడమ కాలువకు ఎంత ఇడిచిండ్రు. తుంపర మీద పడుతున్నా కదిలేటోడు కాదు. శ్రీశైలం నుంచి మన దిక్కు కృష్ణ నీళ్ళు రావాలని తవ్వుతున్న 44 కిలోమీటర్ల సొరంగం గురించి ఆయన దగ్గర పేపర్ కట్టింగులు నోట్‌బుక్ నిండ ఉన్నయి. 2025 ఫిబ్రవరి 22న అది కూలిననాడు నేను సూట్‌కేసు సర్దుతున్న. ఎనిమిది మంది లోపల్నే ఉండిపోయిండ్రు. నాన్న రెండు రోజులు టీవీ ముందటికెళ్ళి లేవలే. "ఎక్కడెక్కడికెళ్ళో వచ్చిన పిల్లలు, మన నీళ్ళ కోసం" అన్నడు, అంతే.

అట్లాంటి మనిషికి ఆ వంతెన ఫొటో పంపకుండ ఎట్ల ఉన్న? నలభై ఫొటోలు తీసిన. ఒక వీడియో. పులిహోర తిని, గడ్డి మీద రెండు గంటలు పండుకున్నం. ఏం చెయ్యలే. మబ్బులు చూసినం. ఏడాదిల అంత సుఖంగ ఉన్న రోజు ఇంకొకటి లేదు.

రాత్రి రూముకు వచ్చి ఫ్యామిలీ గ్రూప్ తెరిస్తె, నాన్న వడ్డీ కట్టిన రసీదు పెట్టి ఉంది. బాబాయ్ దాని కింద దండం పెట్టిన బొమ్మ పెట్టిండు. నా వేలు అక్కడ్నే ఆగింది. ఆ రసీదు కింద నేను నది ఒడ్డున నవ్వుతున్న ఫొటో పెట్టాల్నా? పెట్టలే. దానికి బదులు లైబ్రరీ ఫొటో పెట్టిన. అది గురువారం తీసింది.

అప్పటికెళ్ళి అంతే. సరస్సుల ఈతకు పోయినరోజు, పార్కుల క్రికెట్ ఆడినరోజు, డిసెంబర్ల సాయంత్రం నాలుగింటికే చీకటి పడ్డంక కూడ వెలుగుతున్న క్రిస్మస్ సంతల తిరిగినరోజు, ఒక్కటి ఇంటికి చేరలే. ఇంటికి చేరినవన్నీ పుస్తకాలు, మంచు, వండుకున్న పప్పు.

ఇంత రాసినంక అనిపిస్తుంది, బాబాయ్ మీద నాకెందుకు కోపం? ఆయన లెక్క అడగలే. మోటర్ కాలినా సోమవారం దాకా ఆగే ఊరు ఎట్లుంటదో తెల్సుకోవాలని అడిగిండు. ఆదివారమంటె ఏందో ఎన్నడు ఎరుగని మనిషి, అది చూసిన నన్ను అడిగిండు. నేను ఆయనకు బట్టల ముచ్చట చెప్పిన.

మళ్ళ ఇంకోటి కూడ అనిపిస్తుంది. దాచుడు తప్పేం కాదేమో. రీల్స్ పెట్టే పిల్లల గురించి ఇక్కడ ఏం మాట్లాడుకుంటరో పెండ్లిల నేనే విన్న. "తండ్రి అప్పు కడుతుంటె కొడుకు బీచ్‌ల తిరుగుతుండు." ఆ పిల్లగాడు నాకు తెలుసు. వారమంతా గిన్నెలు కడిగి, ఒక్కరోజు పోయిండు. ఆ కడిగిన గిన్నెల ఫొటో ఎవరు పెడ్తరు? నేనూ ఆ పిల్లగాన్ని వెనకేసుకొచ్చి ఒక్క మాట అనలే. అది వేరే బాధ.

ఇక్కడిదాకా రాసి ఆపిన. నాన్న నీళ్ళు తాగనీకి లేచిండు. ఫోన్ తీస్కపోయి చూపించిన. "జూన్‌ల తీసిన నాన్నా, అప్పుడు పంపలే" అన్న. ఎందుకు పంపలేదని అడగలే. అద్దాలు తెచ్చుకొని కూసున్నడు. నా ఫొటోలన్నీ జరిపేసి వీడియో మూడు సార్లు చూసిండు. "గంత పడవ పోతుంటె వంతెన మీద బరువు పడదా?" అన్నడు.

పడదు, పడవ ఎంత బరువుంటదో అంత బరువు నీళ్ళను పక్కకు జరుపుతది, వంతెనకు తేడా తెలవదు అన్న. నమ్మలే. వెనకకు తీస్కపోయి, బకెట్ అంచుల దాకా నింపి, స్టీల్ గిన్నెల సగం ఇటుకముక్క పెట్టి మెల్లగ వదిలిన. గిన్నె తేలింది, నీళ్ళు నాలుగు దిక్కుల పారినయి. "గిన్నె ఎంతో, పోయిన నీళ్ళు అంతే. బకెట్ బరువు అదే" అన్న.

నాన్న వంగి చూసిండు. "కాలువైతె పారిపోవు. పొడుగునా సర్దుకుంటయన్నట్టు" అన్నడు. అవునన్న.

"పొద్దున బాబాయ్ వస్తడు లెక్కకు. వానికి కూడ చూపియ్యి" అని లేచిండు. రెండడుగులేసి మళ్ళ వెనకకు తిరిగి, తడిసిన నేల దిక్కు చూసి, "గన్ని నీళ్ళు పారబోసినవ్. రేపు జేసేటప్పుడు కరివేపాకు చెట్టు కాడ పెట్టుకో బకెట్" అన్నడు.