తలుపు కింద తుప్పు

పొద్దున్నే కారుని ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. నాన్న 2006లో కొన్న కారు. ఎడమవైపు వెనక తలుపు కింద రంగు శనగబద్దంత ఉబ్బింది. వారం నుంచీ నా కళ్లన్నీ దాని మీదే. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బి, రంగుని లోపల్నుంచి పైకి నెడుతుంది. అది బయటికి కనబడే సరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

మేస్త్రి గారు ఏమీ మాట్లాడలేదు. స్క్రూడ్రైవర్ పిడితో కింది అంచు పొడుగునా కొట్టుకుంటూ వచ్చారు. ముందువైపు ఖంగుమంది. వెనక చక్రం దగ్గర బీటవారిన కుండ చప్పుడు. తిప్పి మొనతో నొక్కితే లోపలికి దిగిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

సీటు తీసి మ్యాట్ ఎత్తితే, కింద స్పాంజి మొన్నటి వానకి ఇంకా తడిగానే ఉంది. తలుపుల కింద పెట్టెలా మూసి ఉండే రేకుని కోశారు. పిడికిళ్ల కొద్దీ ఒండ్రు రాలింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్‌ని ముంచినప్పటిది! అప్పుడు ఇంజను, వైరింగ్, సీట్లు అన్నీ బాగు చేయించాం. ఈ మూసిన పెట్టె సంగతి మాకెవరికీ తట్టలేదు. నీళ్లు పోయే చిల్లులు పూడుకుపోయి, ఆ మట్టి తడిని పట్టుకుని కూర్చుంది.

"లప్పం పెట్టి రంగేస్తే సాయంత్రానికి ఇచ్చేయొచ్చు సార్" అన్నాడు అక్కడే ఉన్న పెయింటర్ కుర్రాడు. "కుళ్లిన రేకు మీద లప్పం ఎన్నాళ్లు ఆగుద్దిరా?" అన్నారు మేస్త్రి గారు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

బ్యాటరీ వైరు విప్పి, గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేశారు. చిల్లు పడని చోట వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు మందు పూశారు. ఎర్రటి తుప్పు చూస్తుండగానే నీలం కలిసిన నలుపుకి తిరిగింది. నాకు కలంకారీ అద్దకాల ఊరు పెడనలో అత్తయ్య వాళ్ల వీధి గుర్తొచ్చింది. తుప్పు ఇనుము, బెల్లం వేసి నానబెట్టిన నీళ్లను అచ్చుతో కరక్కాయ పట్టించిన బట్ట మీద అద్దగానే ఇలాగే నల్లబడేది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిస్తే వచ్చే నలుపది. మందు సీసా తిప్పి చూశాను, టానిక్ యాసిడ్ అని ఉంది. ఎంత సంతోషం వేసిందో!

వెల్డింగ్ వేడికి లోపలివైపు పూత కాలిపోతుంది, కొత్త అతుకు మళ్లీ అక్కడి నుంచే తుప్పు పడుతుంది. అందుకని రంగు ఆరాక పొడవాటి గొట్టంతో లోపలికి మైనం కొట్టమని అడిగాను. సరేనన్నారు.

మధ్యాహ్నం నాన్న ఫోన్. "రేకు మార్చారా, పైపైన పూశారా?" మార్చారని చెప్పాను. "మిగతా తలుపులు కూడా చూడరా."

సైకిల్ పుల్లతో ఒక్కో తలుపు అడుగు చిల్లులూ పొడిచాను. రెండింట్లో దుమ్మే వచ్చింది. నాన్న ఎప్పుడూ కూర్చునే ముందు ఎడమ తలుపు నుంచి మాత్రం ఎర్రటి నీళ్లు చాలాసేపు కారాయి. రేపు దాని లోపలివైపు ప్యాడ్ విప్పించాలి.