ఎస్‌ఓపీలో పద్మాక్షి గుట్ట

హనుమకొండలో మా గల్లీ నుంచి అమెరికా పోయినవాళ్లు ఇప్పటికి ఏడుగురు. అందరూ కంప్యూటర్లే. నేను పోతున్నది రిక్రియేషన్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్‌కు. ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు బాపు, "గదేం సదువు బిడ్డా? పార్కులు చూసుకునుడు నేర్సుకుంటానికి గంత దూరం పోవాల్నా?" అన్నాడు. కోపంతో కాదు, తెలుసుకుందామనే అడిగాడు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

డిగ్రీ తర్వాత బీపీఈడీ చేసి, నాలుగేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా పనిచేశాను. పిల్లలను ఆడించడం నాకు ప్రాణం. కానీ బడి గంట కొట్టాక ఆ పిల్లలు ఎక్కడ ఆడతారు? వాళ్ల అమ్మలు ఎక్కడ నడుస్తారు? వారసత్వ నగరాల కోసం 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. దాని కిందనే భద్రకాళి చెరువు కట్ట మీద నడకదారి, మేం భద్రకాళి బండ్ అనేది, తయారైంది. తెల్లారకముందే ఆ కట్ట మీద నడిచే ఆడవాళ్లను చూసినప్పుడల్లా, ఇంత వెలుతురు, ఇంత దారి ఉంటే ఎంతమంది గడప దాటుతారో కదా అనిపించేది. అట్లాంటి జాగాను ఎట్లా ప్లాన్ చేయాలి, ఖర్చు ఎట్లా లెక్కగట్టాలి, దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఎవరికి ఏ కార్యక్రమం పెట్టాలి అన్నవే ఈ కోర్సులో పాఠాలు. చివర థీసిస్ గానీ ప్రాజెక్టు గానీ ఉంటుంది.

మొదట ఒక కన్సల్టెన్సీకి పోయాను. "దీనికి స్టెమ్ లేదు మేడం, డేటా అనలిటిక్స్‌కు మార్చుకోండి" అన్నారు. స్టెమ్ అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల జాబితా. ఆ సంగతి నిజమే. ఈ కోర్సు ఆ జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ వాళ్లకు దొరికే ఇంకో 24 నెలలు మనకు రావు. అప్పు తెచ్చి పంపే ఇంటికి ఇది చిన్న లెక్క కాదు. ఈ దారి పట్టేవాళ్లు ముందు ఈ ముచ్చటే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. మేం అట్లనే మాట్లాడుకున్నాం. నేను తిరిగొచ్చి ఇక్కడే పనిచేయాలని కాబట్టి, ఆ 12 నెలలు చాలనుకున్నాం. కన్సల్టెన్సీ మానేసి అన్నీ నేనే చూసుకున్నాను.

మన మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే అక్కడి చాలా యూనివర్సిటీలు పీజీకి సరిపోదంటాయి. నాకు బీపీఈడీ రెండేళ్లు అక్కరకొచ్చాయి. ఒక మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పుపడితే సరిచేయించడానికి ఆరు వారాలు తిరిగాను. మీ మెమోలన్నీ ఈరోజే పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసుకోండి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో యూనివర్సిటీకి రాసిచ్చే వ్యాసం. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపేశాను. ఇంతలో సద్దుల బతుకమ్మ వచ్చింది. మా కాలనీ ఆడవాళ్లతో కలిసి పద్మాక్షి గుట్ట దగ్గర వాలంటీరుగా ఉన్నాను. చీకటి పడేసరికి గుండం మెట్లు నీళ్లతో, పూలతో జారుతున్నాయి. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకే మెట్ల మీద ఎదురుపడి ఆగిపోయారు. ఒక ముసలమ్మ పళ్లెంలో బతుకమ్మను గుండెకు ఆనించుకుని నిలబడింది. వెనక నుంచి తోపుడుకు గునుగు రాలి ఆమె పాదాల మీద పడుతోంది. మాతో తెచ్చిన దండెం తాడును మెట్ల నడుమ పై నుంచి కిందిదాకా గుంజి పట్టుకున్నాం. "కుడి దిక్కు దిగుండ్రి, ఎడమ దిక్కు ఎక్కుండ్రి" అని అరుస్తూనే ఉన్నాం. పది నిమిషాల్లో జనం కదిలారు. ముసలమ్మ తన చేతులతోనే బతుకమ్మను నీళ్లల్లో విడిచింది.

కానీ ఆ రాత్రి ఎక్కువమంది నన్నడిగింది దారి కాదు. "బాత్రూం ఎక్కడున్నది చెల్లె?" అని. ఎక్కడ చూపించాలో నాకు తెలియలేదు. చిన్నపిల్లల తల్లులు, షుగరున్న పెద్దమ్మలు ఆట నడుమ విడిచి ఇంటిబాట పట్టారు. సంవత్సరమంతా ఎదురుచూసిన పండుగ వాళ్లకు అక్కడికే అయిపోయింది.

ఇంటికొచ్చి ఇదంతా మొదట తెలుగులో రాసుకున్నాను, తర్వాత ఇంగ్లీషులో. తంగేడు, గునుగు పేర్లు అట్లనే ఉంచాను. అక్క బాపుకు తెలుగుది చదివి వినిపించింది. బాపు చాలాసేపు మాట్లాడలేదు. "గిదా నువ్వు సదువుతనన్నది? గిట్లయితే పో" అన్నాడు.

డబ్బు సంగతికి వస్తే, ఈ రంగంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్‌లు, అంటే చదువుకుంటూ యూనివర్సిటీలోనే చేసే పార్ట్‌టైం పనులు, డిపార్ట్‌మెంట్‌లోనే కాదు, క్యాంపస్ రిక్రియేషన్ విభాగాల్లోనూ ఉంటాయి. జిమ్ములు, టోర్నమెంట్లు నడిపే పని అది. అడ్మిషన్‌తో పాటే వస్తుందని కూర్చోవద్దు, విడిగా అప్లై చేయాలి. క్యాంపస్ రిక్రియేషన్‌లో పనిచేసేవాళ్ల సంస్థ నిర్సా వెబ్‌సైట్లో ఆ పోస్టులు వెతికాను. రాత్రి తొమ్మిదిన్నరకు వీడియో ఇంటర్వ్యూ. టోర్నమెంట్ నడుస్తుండగా వాన పడితే ఏం చేస్తావని అడిగారు. స్కూలు కబడ్డీ పోటీలకు ఎన్నిసార్లు వానను ఎదుర్కోలేదు! వరుసగా చెప్పుకుంటూ పోయాను. పోస్టు వచ్చింది: ట్యూషన్ ఫీజు మాఫీ, నెలకింత స్టైపెండ్, వారానికి 20 గంటల పని. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో అంతకు మించి చేయనివ్వరు.

యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం వచ్చాక, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టాను. ఒకరోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు, మరునాడు నానక్‌రాంగూడ కాన్సులేట్. ఈ కోర్సేంటి, ఖర్చెవరు పెడతారు, తర్వాత ఏం చేస్తావు, ఈ మూడే అడిగారు. మొదటిదానికి మెట్ల మీద తాడు సంగతి చెప్పాను. ఆఫీసరు పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టుకున్నారు, అంటే వీసా ఇచ్చినట్టే.

ఆగస్టులో ప్రయాణం. ఈసారి సద్దులకు నేనుండను. మొబైల్ టాయిలెట్లు పెట్టించమని కార్పొరేషన్‌కు దరఖాస్తు రాసి, కాలనీ ఆడవాళ్లతో సంతకాలు పెట్టించి ఇచ్చొచ్చాను. ముట్టినట్టు ముద్ర వేసిన కాపీ అక్క దగ్గరుంది. దండెం తాడు కూడా ఆమెకే ఇచ్చాను.