జార్ ఫైలుకు ప్రాజెక్టులోనే చోటు

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే సాధనం మావెన్. అది లైబ్రరీలను తెచ్చుకునే ఆన్‌లైన్ నిల్వ అయిన మావెన్ సెంట్రల్‌లో లేని ఒక జార్ ఫైలును (జావా లైబ్రరీని) ఈ వారం మా ప్రాజెక్టులో చేర్చవలసి వచ్చింది. చాలామంది ముందుగా సూచించేది సిస్టమ్ స్కోప్, అంటే జార్ కంప్యూటరులో ఎక్కడుందో ఆ చోటును నేరుగా చూపడం. అయితే అలా చూపిన జార్ సర్వర్‌లో ముందే ఉంటుందని మావెన్ భావించి, దాన్ని సర్వర్‌లో పెట్టే అప్లికేషన్ ప్యాకేజీ అయిన వార్ ఫైలులో చేర్చదు కనుక, బిల్డ్ సజావుగా ముగిసినా, అప్లికేషన్ నడిచేటప్పుడు క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. పైగా ఆ స్కోప్‌ను వాడవద్దని మావెన్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

ఇన్‌స్టాల్-ఫైల్ కమాండుతో లోకల్ రిపాజిటరీలో (మావెన్ మన కంప్యూటరులో లైబ్రరీలను దాచుకునే ఫోల్డరులో) పెడితే ఈ చిక్కు తీరుతుంది గాని, అది ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితం. కోడ్ తీసుకున్న సహోద్యోగి దగ్గర బిల్డ్ ఆగిపోతుంది. అందుకే ప్రాజెక్టులోని ఒక ఫోల్డరునే రిపాజిటరీగా ప్రకటించి, జార్‌ను దాని పామ్ ఫైలుతో సహా అందులో ఉంచాను. ఆ పామ్‌ను వదిలేయకూడదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ జార్ ఏయే లైబ్రరీల మీద ఆధారపడుతుందో తెలిపేది అదే. మావెన్ లాంటి మరో బిల్డ్ సాధనమైన గ్రేడిల్‌లో జార్‌ను నేరుగా ఫైలుగా చూపినప్పుడు అందకుండా పోయేది కూడా ఈ సమాచారమే.

జార్ మారిన ప్రతిసారీ వెర్షన్ సంఖ్యను కూడా మార్చాలి. లేకపోతే మావెన్ తన దగ్గర దాచుకున్న పాత కాపీనే వాడుతుంది.