ఎంఓయూ కోసం 11 నెలలు: ఒక నర్సింగ్ టీచర్ అనుభవం

నిన్న సాయంత్రం మా కాలేజీకీ, గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికీ మధ్య ఎంఓయూ మీద, అంటే మా పిల్లలు అక్కడికి వెళ్ళి కంప్యూటర్ రికార్డులు, పంప్‌లు నేర్చుకునేందుకు రాసుకున్న ఒప్పందం మీద, సంతకాలు అయ్యాయి. చూస్తే నాలుగు పేజీలు. దానికోసం 11 నెలలు తిరిగాను. అంతా గుర్తున్నప్పుడే రాస్తే మిగతా కాలేజీల టీచర్లకి పనికొస్తుందని కూర్చున్నాను.

నేను బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి మెడికల్ సర్జికల్ నర్సింగ్ అనే సబ్జెక్టు చెబుతాను. 16 ఏళ్ళ సర్వీసు. పోయిన ఏడాది మా దగ్గర పాసై ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "మేడమ్, ఇక్కడ కేస్ షీట్ లేదు, అంతా కంప్యూటరే. ఇంజెక్షన్ ఇచ్చాక ఎక్కడ ఎంటర్ చేయాలో తెలీక అందరి ముందూ తిట్లు తిన్నాను. మీరు మాకు ఇవేం చెప్పలేదు కదా" అంది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు.

సిలబస్‌లో లేదా అంటే ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన సెమిస్టర్ సిలబస్ 2021లో గెజిట్‌లో వచ్చింది. అందులో రెండో సెమిస్టర్‌కే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, అంటే వైద్యంలో కంప్యూటర్ వాడకం, పెట్టారు. 40 గంటలు థియరీ, 40 గంటలు ల్యాబ్. కానీ ల్యాబ్ అంటే మా దగ్గర ఎక్సెల్, పవర్‌పాయింట్. మన రాష్ట్రంలో ఊళ్ళలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, ఏఎన్ఎం అమ్మాయిల చేతికి అన్‌మోల్ ట్యాబ్‌లు 2016లోనే వచ్చాయి. ఊళ్ళో ఏఎన్ఎం ట్యాబ్‌లో గర్భిణి వివరాలు ఎక్కిస్తుంటే, నాలుగేళ్ళు చదివే మా పిల్లల్లో ఎక్కువమంది పేషెంట్ రికార్డు స్క్రీన్‌ని దూరం నుంచి చూసి వస్తున్నారు. ఇది తప్పు, ఏదైనా ఆసుపత్రితో ఎంఓయూ చేసుకుని అక్కడే నేర్పిద్దాం అని ప్రిన్సిపల్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ అదే రోజు సరే అన్నారు. కరస్పాండెంట్ గారు ఖర్చు ఉందా అని అడిగారు, లేదన్నాను, సంతకం పెట్టారు.

తర్వాత ఆసుపత్రి హెచ్ఆర్. ఇక్కడే నాలుగు నెలలు పోయాయి. మెయిల్‌కి జవాబు ఉండదు. స్వయంగా వెళ్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు". ఒకరోజు ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా కుర్చీలో కూర్చోబెట్టి, చివరికి లెటర్ మీద స్టాంపు సరిగా పడలేదని పంపేశారు. అందుకే చెబుతున్నాను, దయచేసి హెచ్ఆర్ దగ్గర మొదలుపెట్టకండి. వాళ్ళకి మన పిల్లలంటే వచ్చే ఏడాది ఖాళీలు నింపే మనుషులు, అంతే. నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్‌ని కలవండి. నేను ఐదో నెలలో ఒక పాత స్టూడెంట్ ద్వారా ఆ పని చేశాను. ఆవిడ పది నిమిషాల్లో మీటింగ్ తేదీ ఇచ్చారు.

ఆ మీటింగ్ గురించే అసలు చెప్పాల్సింది.

బల్లకి అటువైపు సూపరింటెండెంట్ గారు, ఐసీయూ ఇన్‌చార్జ్ సిస్టర్, ఐటీ అతను, హెచ్ఆర్ సార్. ఇటువైపు ప్రిన్సిపల్ మేడమ్, నేను, మా ఇద్దరు జూనియర్ ట్యూటర్లు. నేను సిలబస్ కాపీ ముందు పెట్టి మాట్లాడుతున్నాను. హెచ్ఆర్ సార్ మధ్యలో ఆపి, "మేడమ్, మీ కాలేజీల నుంచి వచ్చేవాళ్ళకి సిరంజి పంప్ పెట్టడం కూడా రాదు, మేమే అన్నీ మొదట్నుంచి నేర్పాలి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా పిల్లలకి డోస్ లెక్కలు కంఠతా వచ్చు, కావాలంటే అడగండి అన్నాను. ఇన్‌చార్జ్ సిస్టర్ మాట్లాడకుండా వెళ్ళి ఐసీయూ నుంచి ఒక పంప్ (సిరంజిలోని మందుని నెమ్మదిగా, లెక్క ప్రకారం ఎక్కించే మిషన్), 50 ఎంఎల్ సిరంజి తెచ్చి నా ముందే పెట్టింది.

"60 కిలోల పేషెంట్. నార్‌అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్‌లో. కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ వెళ్ళాలి. పెట్టండి మేడమ్" అంది.

లెక్క నాకు కాగితం కూడా అక్కర్లేదు. ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు, గంటకి 360 కావాలి, అంటే గంటకి 4.5 ఎంఎల్. సిరంజి బిగించి, 4.5 కొట్టి, స్టార్ట్ నొక్కాను. పంప్ మీద పచ్చలైటు వెలిగింది. నేను తలెత్తి చూశాను.

"లెక్క కరెక్టే మేడమ్. సిరంజి తప్పు" అంది ఆ సిస్టర్.

పంప్ తెరమీద పైన చిన్న అక్షరాల్లో ఒక కంపెనీ పేరు ఉంది. నేను బిగించిన సిరంజి ఇంకో కంపెనీది. ఒక్కో కంపెనీ సిరంజి లోపలి వెడల్పు ఒక్కోలా ఉంటుంది. పంప్‌కి తెలిసేది ప్లంజర్ (సిరంజి వెనక తోసే కాడ) ఎంత దూరం తోశానన్నది మాత్రమే. కంపెనీ తప్పు ఎంచుకుంటే తెరమీద 4.5 కనిపిస్తుంది, పేషెంట్‌కి వెళ్ళేది మాత్రం వేరే. బీపీ నిలబెట్టే మందు విషయంలో ఆ తేడా చిన్నది కాదు.

నేను చదువుకున్న రోజుల్లో సెలైన్ చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. టీచర్ అయ్యాక పంప్ గురించి చెప్పానే గానీ పంప్ మీద చెయ్యి వేసిన రోజులు తక్కువ. ట్యూటర్లు ఇద్దరూ తల వంచుకున్నారు. హెచ్ఆర్ సార్ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు, క్షమించలేదు కూడా. నవ్వనిది ఆ సిస్టర్ ఒక్కతే. "మాకూ కంపెనీ వాళ్ళు వచ్చి చెప్పిందాకా తెలీదు మేడమ్" అని, పైపు మడత పెట్టి అలారం మోగించి చూపించింది. అలా మూసుకుపోయినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది, మడత ఒక్కసారి వదిలేస్తే ఆగి ఉన్న మందంతా ఒకేసారి లోపలికి పోతుంది, ముందు ఆ ఒత్తిడి తీసేయాలి అని చెప్పింది. ఏ పుస్తకంలోనూ నాకు అంత సూటిగా అర్థం కాలేదు. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.

ఆ రోజు నుంచి మాట మారింది. "మీరు మాకేం ఇస్తారు" అన్నది పోయి, ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్నదాని మీద కూర్చున్నాం.

మిగిలిన చిక్కు ఆసుపత్రి కంప్యూటర్ రికార్డుల లాగిన్. స్టూడెంట్‌కి ఎంప్లాయీ నంబర్ ఉండదు కాబట్టి లాగిన్ ఇవ్వం అన్నారు ఐటీ వాళ్ళు. అంతవరకూ జరుగుతున్నదేమిటంటే, వార్డులో స్టాఫ్ సిస్టర్ తన లాగిన్ తెరిచి పెడితే మా పిల్లల్లో కొందరు బీపీ, టెంపరేచర్ ఎక్కించేవాళ్ళు. ఇది తెలిసి భయమేసింది. రేపు ఏదైనా జరిగితే రికార్డులో ఉండేది ఆ సిస్టర్ పేరు. మీ పిల్లల్ని వేరేవాళ్ళ లాగిన్ మీద ఒక్క ఎంట్రీ కూడా చేయనివ్వకండి, ఎవరు బతిమాలినా సరే. రెండు నెలలు ఇదే గొడవ. చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీ అతను వేరే పనిమీద వచ్చినప్పుడు అడిగితే, "టెస్ట్ సర్వర్ ఉంది కదా మేడమ్, ఉత్తుత్తి పేషెంట్లతో ఎంతైనా ప్రాక్టీస్ చేసుకోవచ్చు" అన్నాడు. అది మొదట్నుంచీ ఉంది. అడిగినవాళ్ళు లేరు.

లీగల్ వాళ్ళ సంతకం, నోటరీ ఒక వారంలో అయిపోయాయి.

ఎంఓయూ ప్రకారం వచ్చే నెల నుంచి పదిమంది చొప్పున బ్యాచ్‌లు వెళ్తాయి, ప్రతి బ్యాచ్‌తో మా ట్యూటర్ ఒకరు. బ్యాటరీ నిలవక పక్కన పెట్టిన రెండు పంప్‌లు మా స్కిల్ ల్యాబ్‌కి వస్తున్నాయి, "శిక్షణకు మాత్రమే" అని అతికించి. ట్యూటర్లకి ఏడాదికి ఒక వారం ఐసీయూలో పని అన్నది నేను పట్టుబట్టి రాయించిన షరతు. మొదటి వారం నాదే.

ఇన్‌చార్జ్ సిస్టర్ ఈ మధ్యాహ్నం ఫోన్ చేసింది. వాళ్ళ కొత్త స్టాఫ్ కంప్యూటర్‌లో అన్నీ నింపుతున్నారట గానీ, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ పక్కన నిలబడి నోటితో అప్పగించడం సరిగా రావడం లేదట. "మీ పిల్లలు అది బాగా చేస్తారు మేడమ్, మా వాళ్ళకి ఒక క్లాస్ చెప్తారా" అని అడిగింది. శనివారం వెళ్తున్నాను.